మొదలుపెట్టిన కేసు ముగించనివ్వండి

జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు పోస్టులకు నోటిఫికేషన్ పడిందంటే అందులోని అంకెలు మాకు కంఠతా వచ్చు. మిషన్ వాత్సల్య పథకం కింద ఔట్‌రీచ్ వర్కర్‌కి నెలకు 10,592 రూపాయలు. సోషల్ వర్కర్‌కి, కౌన్సెలర్‌కి 18,536. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి 27,804. ఆ అంకెలు చూసి కూడా డిగ్రీలు, ఎంఎస్‌డబ్ల్యూలు చేసిన యువతీ యువకులు సర్టిఫికెట్ల ఫైళ్ళు పట్టుకుని కలెక్టరేటుకు వస్తారు. చేరతారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళలో చాలామంది ఉండరు. ఖాళీలు పడతాయి, మరో నోటిఫికేషన్ వస్తుంది, మరో జట్టు చేరుతుంది.

ఎందుకు వెళ్ళిపోయారని అడిగితే ఆఫీసుల్లో రెండు జవాబులు వినిపిస్తాయి. జీతం చాలక అని ఒకటి. పిల్లల కష్టాలు రోజూ చూసి తట్టుకోలేక అని రెండోది. రెండింటిలోనూ నిజముంది. కానీ ఆ రెండూ వాళ్ళకు చేరకముందే తెలుసు. జీతం ఎంతో కాగితం మీదే ఉంది. తాము వెళ్ళేది దెబ్బలు తిన్న పిల్లల దగ్గరికి, ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన పిల్లల దగ్గరికి అని తెలిసే వచ్చారు. తెలిసి వచ్చినవాళ్ళు ఆ తెలిసిన కారణానికే ఎందుకు పోతారు?

నేను రాయలసీమలో మొదట ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పిల్లల సహాయవాణి 1098కి వచ్చే ఫోన్లకు పరుగెత్తాను. తర్వాత ప్రభుత్వ విభాగంలో సోషల్ వర్కర్‌గా, ప్రొటెక్షన్ ఆఫీసర్‌గా చేశాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాను. నాతో పనిచేసి మానేసినవాళ్ళతో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. వాళ్ళ మాటలన్నీ కలిపి చూస్తే నాకు తేలింది ఇది. పిల్లల బాధ చూడలేక మానేసినవాళ్ళు చాలా తక్కువ. మొదలుపెట్టిన కేసును చివరిదాకా తీసుకెళ్ళే వీలు లేక మానేసినవాళ్ళే ఎక్కువ. ఉండిపోయినవాళ్ళ సంగతి కూడా ఇక్కడే ఉంది. ఒక్క బిడ్డనైనా ఒడ్డుకు చేర్చి కళ్ళారా చూసుకున్నవాళ్ళు ఉండిపోయారు.

మూడేళ్ళ కేసు, ఏడాది కాంట్రాక్టు

బయటివాళ్ళకు మా పనిలో కనిపించేది పిల్లల్ని విడిపించే ఘట్టమే. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరిగినప్పుడు ఎంతమందిని పనుల్లోంచి తప్పించారో పేపర్లలో వస్తుంది. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలోని గాజుల తయారీ గదుల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చినప్పుడు దేశమంతా చూసింది. వాళ్ళలో ఎక్కువమంది బిహార్ పిల్లలు. గది తలుపు తెరిపించడం ఒక పూట పని. ఆ పిల్లల ఇళ్ళు వెతికి పట్టుకోవడం, అక్కడ బడిలో చేర్పించడం, అడ్వాన్సు ఇచ్చిన దళారి మళ్ళీ ఆ గడప తొక్కకుండా చూడడం ఏళ్ళ పని.

బాల్యవివాహం సంగతి తీసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మాఘమాసంలోనో వైశాఖంలోనో రాత్రి పొద్దుపోయాక ఫోను వస్తుంది. ఫలానా ఊళ్ళో తెల్లవారుజామున ముహూర్తం, పిల్ల తొమ్మిదో తరగతి. ఎస్సైకి, తహసీల్దారుకి చెప్పాలి. ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌ని లేపాలి. వయసు రుజువు కోసం హెడ్‌మాస్టరును బతిమాలి బడి రికార్డు తీయించాలి. చేరేసరికి షామియానా కింద పొయ్యిలు వెలుగుతుంటాయి. "మా పాప పెండ్లి నిలిపేదానికి నువ్వెవరమ్మా? అప్పు చేసినాము, ఈ కర్చంతా నువ్విస్తావా?" అని పిల్ల తండ్రి నిలదీస్తాడు. ఊరి పెద్దలు చుట్టూ చేరతారు. పక్కన పోలీసు ఉన్నా ఆ నిమిషంలో భయం వేస్తుంది.

ఎలాగో పెళ్ళి ఆగుతుంది. పద్దెనిమిది నిండేదాకా చేయమని తల్లిదండ్రులు రాసిచ్చిన కాగితం ఫైల్లో చేరుతుంది. నెలవారీ నివేదికలో 'నిలిపివేసిన వివాహాలు' అనే గడిలో ఒకటి పెరుగుతుంది. లెక్క ప్రకారం పని అయిపోయింది. నిజానికి అప్పుడే మొదలైంది. ఆ పిల్ల మర్నాడు బడికి పోయిందా? పెళ్ళికని తెచ్చిన అప్పుకు వడ్డీ ఎవరు కడుతున్నారు? సరిహద్దు దాటించి కర్ణాటకలో బంధువుల ఊళ్ళో గుట్టుగా తాళి కట్టించే ఆలోచన జరుగుతోందా? ఇవన్నీ తెలియాలంటే నెలకో రెండు నెలలకో ఆ ఇంటికి పోయే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మారకూడదు. తల్లి మొదటిసారి తలుపు వేసేస్తుంది. రెండోసారి గడపలో నిలబెట్టి మాట్లాడుతుంది. నాలుగోసారికి మంచినీళ్ళిచ్చి, అసలు సంగతి చెబుతుంది.

పదిహేనేళ్ళ పిల్లకు పద్దెనిమిది రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆమె కోసం తిరిగే మనిషి కాంట్రాక్టు ఏడాదికి. నారు పోయించి, నాట్లేసే వేళకు పొలం వదిలి పొమ్మన్నట్టు ఉంది ఈ ఏర్పాటు. ఏడాది చివర రెన్యువల్ ఆర్డరు వస్తుందా రాదా అని చూస్తూ కూర్చున్న మనిషి, వచ్చే ఏడాది జరగాల్సిన హోమ్ విజిట్ గురించి ఏం ఆలోచిస్తుంది?

మా బృందంలో ఒక ఔట్‌రీచ్ వర్కర్ ఉండేది. తాను కూడా పదహారేళ్ళకే పెళ్ళయి, తర్వాత పట్టుబట్టి చదువుకున్న మనిషి. ఒక పిల్ల పెళ్ళి ఆపించాక ఆ ఇంటి తండ్రి ఆమెను వీధిలో నానా మాటలన్నాడు. అయినా పోవడం మానలేదు. పిల్లను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పించింది. పండగ సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా వెళ్ళి చూసి వచ్చేది, ఎందుకంటే ఇలాంటి పెళ్ళిళ్ళు కుదిరేది సెలవుల్లోనే. పిల్ల పదో తరగతి గట్టెక్కింది. ఇంటర్ చదివి నర్సింగులో చేరింది. ఆ తండ్రే చిన్న కూతురి సర్టిఫికెట్ల కోసం ఆఫీసుకు వచ్చి "ఆ యమ్మ ఉందా?" అని ఈమెను అడిగాడు. ఆమెకు బట్టల దుకాణంలో ఇంతకంటే ఎక్కువ జీతం ఇస్తామన్నారు. పోలేదు. "ఆ పిల్ల చిన్న చెల్లెలుంది కదక్కా, దాన్ని కూడా దాటిస్తే సాలు" అంది. ఇంతకంటే స్పష్టంగా ఈ ఉద్యోగంలో ఎందుకుంటారో నాకెవరూ చెప్పలేదు.

అవ్వకు మొగం చూపించలేక

మానేసిన ఒక అబ్బాయి గురించి కూడా చెప్పాలి. నేను చూసిన మంచి సోషల్ వర్కర్లలో ఒకడు. తల్లి చనిపోయి తండ్రి వదిలేసి పోయిన ఇద్దరు పిల్లల్ని అవ్వ సాకుతోంది. హోమ్‌లో వేయడం కంటే అవ్వ దగ్గరే ఉండేలా సాయం చేయడం మంచిదని అతను నివేదిక రాశాడు. సరైన నిర్ణయం. చట్టం చెప్పేది కూడా అదే. సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలి. స్పాన్సర్‌షిప్ కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వొచ్చు. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 దాటకూడదు, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, తల్లి మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అన్నీ కావాలి. కూలికి పోతేగాని పొయ్యి వెలగని అవ్వ వాటి కోసం తిరగలేదు. అన్నీ అతనే తిరిగి చేయించాడు. అవ్వ వేలిముద్రలు అరిగిపోయి యంత్రం తీసుకోకపోతే ఆధార్ కేంద్రానికి మళ్ళీ మళ్ళీ తీసుకుపోయాడు.

మంజూరైంది. డబ్బు మాత్రం పడలేదు. నిధులు విడుదల కాలేదన్నారు. ఆ ఊరి పక్కగా ఇంకో పని మీద పోయినా అవ్వ ఎదురొచ్చి "నాయనా, దుడ్లు ఎప్పుడు పడతాయి?" అని అడిగేది. కోపం లేకుండా అడిగేది, అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. కొన్నాళ్ళకు ఆ దారినే పోవడం మానుకున్నాడు. ఆ తర్వాత ఉద్యోగం మానుకుని ఫైనాన్సు కంపెనీలో వసూళ్ళ పనిలో చేరాడు. ఆఫీసులో అందరూ మంచి జీతం దొరికింది, పోయాడు అనుకున్నారు. రాజీనామా కాగితంలో అతను కూడా 'వ్యక్తిగత కారణాలు' అనే రాశాడు. నాతో మాత్రం "అవ్వకు మొగం చూపించలేకపోయినానక్కా" అన్నాడు.

అతన్ని పంపేసింది పిల్లల బాధ కాదు. ఆ బాధకు మందు తన చేతి దాకా వచ్చి ఆగిపోవడం, దానికి జవాబు ఊళ్ళో తానొక్కడే చెప్పాల్సి రావడం. నిధులు ఎవరి దగ్గర ఆగాయో ఆ అధికారి అవ్వకు కనిపించడు. కనిపించేది ఇతనే. ప్రభుత్వం మాట తప్పినట్టు అనిపిస్తే ఆ మాట ఇతని నోటితో వచ్చిందే. రాజీనామా కాగితాల్లో ఇలాంటి కారణాలు రాసే గడి ఉండదు కాబట్టి పైవాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

ప్రయాణ ఖర్చుల సంగతి చిన్నదనిపిస్తుంది. దానికీ పిల్లలకూ ముడి ఉంది. మండలకేంద్రం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో లేకపోతే ఎవరిదో బండి. ముందు మా జేబులోంచి పెట్టాలి, తర్వాత టీఏ బిల్లు పెట్టుకోవాలి. అది నెలల తరబడి రాదు. 10,592 జీతంలో ఇల్లు గడిచి, పెట్రోలు కూడా గడవాలి. ఇలాంటప్పుడు ఏమవుతుందంటే దగ్గరి ఊళ్ళకు ఫాలోఅప్ జరుగుతుంది, దూరపు ఊళ్ళకు ఫోనుతో సరిపెడతారు. ఏ బిడ్డ క్షేమం కళ్ళతో చూడాలో, ఏ బిడ్డ క్షేమం ఫోన్లో వినాలో బస్సు చార్జీ నిర్ణయిస్తుంది. మనసున్న మనిషికి ఇది తెలుస్తూనే ఉంటుంది. తెలుస్తూ చేయలేకపోవడమే లోపల్లోపల తినేస్తుంది.

వచ్చే తూరి కూడా నువ్వే వస్తావా?

లైంగిక దాడికి గురైన పిల్లల కేసుల్లో ఈ నష్టం ఇంకా పెద్దది. 2012 పోక్సో చట్టం కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలంటుంది, ఏడాదిలో విచారణ ముగించాలంటుంది. వీలైనంతవరకు అనే మాట చట్టంలోనే ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈలోగా ఆసుపత్రి పరీక్ష, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం, బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందు హాజరు, పరిహారం దరఖాస్తు, కోర్టు వాయిదాలు. ఈ దారంతా బిడ్డ చెయ్యి పట్టుకుని నడవడానికే 2020 పోక్సో నిబంధనలు సహాయక వ్యక్తి ఉండాలన్నాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును తప్పనిసరిగా అమలు చేయాలని స్పష్టం చేసింది. విషయం తెలిసినవాళ్ళు రాసిన మాట అది. ఒక బిడ్డకు ఒక మనిషి.

ఆ మనిషి మధ్యలో మారితే బిడ్డ ఏం చేయాలి? మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. తల్లికి కూడా చెప్పలేక చెప్పిన మాటలు ఇంకో కొత్త ముఖానికి చెప్పాలి. బాలసదనంలో ఒక పిల్ల నన్ను అడిగింది, "వచ్చే తూరి కూడా నువ్వే వస్తావా అక్కా?" అని. అప్పటికే ఆమె కేసు ఇద్దరు చూసి వెళ్ళిపోయారు. శిక్షణలో మేం మొదట చెప్పే పాఠం, నిలబెట్టుకోలేని మాట పిల్లలకు ఇవ్వొద్దని. ఏడాది కాంట్రాక్టు మీద ఉన్న మనిషి 'వస్తాను' అనే మాట కూడా ఇవ్వలేదు. ఆ ఒక్క మాట చెప్పలేని చోట కౌన్సెలింగ్ ఎలా చేయమంటారు?

ఇది మన ఒక్కరి గొడవ కాదు. ఎన్నో రెట్లు ఎక్కువ జీతాలిచ్చే అమెరికాలోనూ ఉంది. పిల్లల సంక్షేమ విభాగాల్లో వర్కర్లు సగటున రెండేళ్ళు కూడా నిలవడం లేదని ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2003లోనే నివేదిక ఇచ్చింది. మిల్వాకీ కౌంటీలో జరిపి 2005లో వెలువరించిన అధ్యయనం మరీ ఆలోచింపజేస్తుంది. సంరక్షణలో ఉన్నంతకాలం ఒకే వర్కర్ చూసిన పిల్లల్లో 74.5 శాతం మందికి శాశ్వతమైన ఇల్లు కుదిరింది. ఇద్దరు వర్కర్లు చూసిన పిల్లల్లో అది 17.5 శాతానికి పడిపోయింది. కష్టమైన కేసులు ఎక్కువ కాలం సాగుతాయి కాబట్టి వాటిలో సహజంగానే ఎక్కువమంది మారతారని ఎవరైనా అనొచ్చు. ఆ మాటలో నిజముంది, తేడా అంతా మనుషులు మారడం వల్లే అనలేం. కానీ ఇన్నేళ్ళు ఊళ్ళలో తిరిగిన నాకు ఆ అంకెల్లో నేను చూసిన పిల్లలే కనిపిస్తారు.

చట్టం శాశ్వతం, మనిషి తాత్కాలికం

కాంట్రాక్టు ఎందుకు, ఉద్యోగాలు స్థిరం చేయకూడదా అని అడిగితే 'ఇది పథకం, పథకానికి గడువుంటుంది' అనే సమాధానం వస్తుంది. 2009-10లో సమగ్ర బాలల పరిరక్షణ పథకంగా మొదలైంది. ఇప్పుడు మిషన్ వాత్సల్య. పేరు మారిన ప్రతిసారీ ఆర్డర్లు మారతాయి, పోస్టుల లెక్క మారుతుంది, పాతవాళ్ళను కొనసాగిస్తారా లేదా అనే గుబులు మొదలవుతుంది. కానీ ఈ విభాగాలు పథకం పెట్టిన భిక్ష కాదు. బాలల న్యాయ చట్టం 2015లోని 106వ సెక్షన్ ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం, అందులో అధికారులు, ఉద్యోగులు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. అదే చట్టం దొరికిన బిడ్డను 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలంటుంది, సామాజిక పరిశోధన పదిహేను రోజుల్లో ముగించాలంటుంది, మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలంటుంది. గడువులన్నీ చట్టబద్ధం. వాటిని పాటించాల్సిన మనిషి మాత్రం పథకం దయ మీద ఉండాలా?

ఇది సేవ, డబ్బు చూసుకోకూడదు అని సభల్లో మాకు శాలువాలు కప్పి చెబుతుంటారు. సేవాభావం లేనివాళ్ళు ఈ పనిలో నెల కూడా ఉండలేరు, ఆ మాట మాకెవరూ చెప్పనక్కర్లేదు. కానీ పిల్లల రక్షణ ప్రభుత్వం చట్టం చేసి తన మీద వేసుకున్న బాధ్యత. ఆ బాధ్యతలో తన వాటాను ఒక ఆడమనిషి జేబులోని బస్సు చార్జీ మీదికి నెట్టడం న్యాయం కాదు.

అనుభవం పోతే ఏం పోతుందో 1098 మార్పిడిలో చూశాం. 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ పాతికేళ్ళకు పైగా స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా నడిచింది. 2023లో దాన్ని దశలవారీగా ప్రభుత్వాలకు అప్పగించి, 112 అత్యవసర వ్యవస్థతో కలిపారు. పిల్లల రక్షణ ప్రభుత్వమే నేరుగా చూడాలన్న సూత్రం సరైనదే, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఆ మార్పులో నాకు తెలిసిన పాతవాళ్ళలో చాలామంది దారి మార్చుకున్నారు. గుంతకల్లు లాంటి జంక్షన్లో ఏ రైలుకి ఒంటరి పిల్లలు దిగుతారో, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఏ మనిషి కబురు చేస్తాడో, పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనులకు ఏ నెలలో ఏ ఊరి నుంచి ఆడపిల్లలు బడి మానేస్తారో వాళ్ళకు తెలుసు. అది ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. మనిషితో పాటే పోయింది. కొత్తవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నేర్చుకునేలోపు దిగే పిల్లలు దిగుతూనే ఉంటారు.

ఉండిపోయేది ఎక్కడ?

ఉండిపోయినవాళ్ళందరూ మహా త్యాగమూర్తులని నేననను. వాళ్ళు పనిచేసిన చోట రెండు మూడు సంగతులు వేరుగా ఉన్నాయి.

నాకు ఒక అధికారి ఉండేవారు. వారానికోసారి అందర్నీ కూర్చోబెట్టి, లెక్కల కంటే ముందు "మీకు నిద్ర పట్టనివ్వని కేసు ఏది?" అని అడిగేవారు. తండ్రి తాగొచ్చి కొడతాడని తెలిసిన ఇంటికి బిడ్డను తిరిగి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అనే నిర్ణయం అక్కడ అందరం కలిసి తీసుకునేవాళ్ళం. కాగితం మీద అందరం సంతకాలు పెట్టేవాళ్ళం. రేపు ఏదైనా జరిగితే ఫీల్డులో తిరిగే చిన్న ఉద్యోగి మీద పడకుండా ఆ అధికారిణే ముందు నిలబడేవారు. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేవారు. జీతాలు అప్పుడూ అంతే, ఆలస్యం అప్పుడూ ఉంది. అయినా ఆమె ఉన్నంతకాలం మా దగ్గర మానేసినవాళ్ళు తక్కువ. ఆమెకు బదిలీ అయింది, ఆ సమావేశం ఆగింది, ఒక్కొక్కరుగా కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఈ విషయంలో మనకు దూరం పోనక్కర్లేని పాఠం ఒకటుంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పనుల్లోంచి బడికి మళ్ళించింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆ ఊళ్ళ యువకులే. వాళ్ళు ఒంటరిగా చేయలేదు. ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి పక్కన నిలిచారు, పంచాయతీ పెద్దలు వచ్చారు, పని మానిపించిన బిడ్డ బడిలో కుదురుకునేదాకా క్యాంపులు నడిచాయి. భూస్వామి బెదిరించినా ఊరు వెనక ఉండేది. పైగా తాము బడికి పంపిన పిల్ల పదో తరగతి పాసవడం వాళ్ళు అదే ఊళ్ళో ఉండి చూశారు. మిషన్ వాత్సల్యలోనూ గ్రామస్థాయి బాలల పరిరక్షణ కమిటీలు ఉండాలని ఉంది. అవి కాగితం మీద కాక ఊళ్ళో కూర్చుంటే, రాత్రి పెళ్ళి ఆపడానికి పోయిన అమ్మాయి ఒంటరిగా నిలబడే పని ఉండదు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. కాంట్రాక్టు ఏడాదికి కాకుండా కనీసం మూడేళ్ళకు ఇవ్వాలి, చేసిన సర్వీసుకు తగ్గట్టు జీతం పెరగాలి; ఇరవై ఏళ్ళ అనుభవానికీ నిన్న చేరిన మనిషికీ ఒకే జీతం ఉండకూడదు. ప్రయాణానికి ముందే అడ్వాన్సు ఇవ్వాలి. స్పాన్సర్‌షిప్ మంజూరయ్యాక డబ్బు ఆగితే, ఎందుకు ఆగిందో, ఎప్పుడు వస్తుందో ఆ కుటుంబానికి ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలపాలి, ఆ భారం వర్కర్ మీద వదలకూడదు. వారానికోసారి కేసుల మీద చర్చ జరగాలి, నిర్ణయం బృందానిది కావాలి. ఈ పని చేసేవాళ్ళ మనసు చెదిరితే మాట్లాడడానికి బయటి నుంచి ఒక కౌన్సెలర్ అందుబాటులో ఉండాలి.

ఇంకో రెండు సంగతులకు పైసా ఖర్చు లేదు. ఎవరైనా మానేసినా బదిలీ అయినా, పాత మనిషీ కొత్త మనిషీ కలిసి బిడ్డ దగ్గరికి వెళ్ళాలి. "ఇకమీదట ఈ అక్క వస్తుంది, నీ సంగతులన్నీ ఈమెకు చెప్పాను, నువ్వు మళ్ళీ చెప్పనక్కర్లేదు" అని బిడ్డ ఎదురుగా అనాలి. ఆ ఒక్క అప్పగింతతో ఎంత భయం తగ్గుతుందో నేను చూశాను. రెండోది, కేసు ఎలా ముగిసిందో దాన్ని మొదలుపెట్టిన మనిషికి కబురు చేయాలి. నిందితుడికి శిక్ష పడినా, పిల్ల డిగ్రీలో చేరినా, దత్తత పోయిన పాప క్షేమంగా ఉన్నా ఆ మాట ఎంత దూరంలో ఉన్నా వాళ్ళకు చేరాలి. ఈ పనిలో జీతం తర్వాత జీతం అదే.

ప్రతి నెలా కలెక్టరు సమీక్షలో మా విభాగం ఒక నమూనా నింపి ఇస్తుంది. ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని ముగిశాయి, ఎన్ని పెండింగ్ అనే గడులుంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు ఆ నమూనాలో ఇంకో గడి చేర్చాలి: ఈ బిడ్డ కేసు ఇప్పటిదాకా ఎంతమంది వర్కర్ల చేతులు మారింది? ఆ అంకె రెండు దాటిన ప్రతి కేసుకూ కారణం రాయాలి. అది రాయడం మొదలుపెడితే జీతం ఎందుకు ఆగిందో, టీఏ బిల్లు ఎక్కడుందో, ఖాళీ ఎందుకు నింపలేదో అన్నీ బయటికి వస్తాయి. ఉద్యోగులు ఎందుకు మానేస్తున్నారని వేరే కమిటీ వేసి తెలుసుకోనక్కర్లేదు, పిల్లల ఫైళ్ళే చెబుతాయి. వచ్చే నెల సమీక్ష నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు.